నాబోతునకు న్యాయమెవరు తీర్చుదురు?



రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయములోని నాబోతు కథను మీరందరును ఎరుగుదురు. అహాబు రాజునకు తన నగరు ప్రక్కనున్న ద్రాక్షతోటపై కన్నుపడెను. అది నా పితరుల స్వాస్థ్యము, ఇయ్యజాలనని నాబోతు చెప్పెను. అప్పుడు యెజెబెలు ఏమి చేసెనో నిదానించి చూడుడి. ఆమె దొంగలను పంపలేదు. రాత్రివేళ గట్టు జరిపించలేదు. రాజముద్ర వేసి ఉత్తరములు పంపెను. ఊరి పెద్దలు ఉపవాసము చాటించిరి. ఇద్దరు సాక్షులను నిలువబెట్టిరి. నాబోతు దేవుని దూషించెనని తీర్పు చెప్పి, ఊరి వెలుపలికి కొనిపోయి రాళ్లతో కొట్టి చంపిరి. ముద్ర యున్నది, పెద్దలున్నారు, సాక్షులున్నారు, భక్తికి ఉపవాసము కూడ నున్నది. కాగితము చూచినవారికి అంతయు సక్రమమే. భూమి మాత్రము చేతులు మారినది.

ఈ కథలో రెండు ప్రశ్నలున్నవి. భక్తియు చట్టమును కలిసి ఒక అన్యాయమునకు ముసుగు వేసినప్పుడు ఆ ముసుగును తీయువారెవరు? ఇది మొదటిది. రెండవది దీనికంటె కఠినమైనది. ముసుగు తీసిన తరువాతనైనను చచ్చిన నాబోతునకు ఏమి దక్కినది? ఏలీయా వచ్చి రాజును గద్దించెను. రాజు గోనెపట్ట కట్టుకొనెను. అయినను నాబోతు లేచివచ్చి తన తోటకు నీరు పెట్టుకొనలేదు.

గడచిన నూరేండ్లలో జర్మనీ దేశమున కొందరు క్రైస్తవ వేదాంత పండితులును, దేవుని ఒప్పుకొనని కొందరు సమాజ శాస్త్రజ్ఞులును ఈ రెండు ప్రశ్నలమీదనే ఒకరితోనొకరు మాటలాడుకొనిరి. ఆ చరిత్ర మన పల్లె సంఘములకు దూరమైనదని తలంచకుడి. మన పిల్లలు పట్టణములో చదివివచ్చి, మతము బీదవానిని నిద్రపుచ్చు నల్లమందు కాదా అని అడుగుచున్నారు. మన పెద్దలలో కొందరు, కూలి సంగతియు కులము సంగతియు గుడిలో ఎందుకు, ఆత్మల సంగతి చాలునని చెప్పుచున్నారు. ఈ ఇరుపక్షములవారును వినదగిన సంగతి ఇందులో కలదు.

ఫ్రాంక్‌ఫర్టు పట్టణములో 1923వ సంవత్సరమున సమాజ పరిశోధనకై ఒక సంస్థ ఏర్పడెను. అర్జెంటీనా దేశమున ధాన్య వ్యాపారము చేసి మిక్కిలి ధనము గడించిన హెర్మన్ వైల్ అను వర్తకుడు దానికి సొమ్మిచ్చెను; అతని కుమారుడు ఫెలిక్స్ వైల్ దానికి పూనుకొనెను. 1930లో మాక్స్ హార్క్‌హైమర్ అను పండితుడు దానికి అధిపతి యాయెను. అతనితో పనిచేసినవారిలో అనేకులు యూదుల కుటుంబములలో పుట్టినవారు. వారిని వేధించిన ప్రశ్న యిది: కష్టపడువాడు తన్ను అణచువానినే ఎందుకు పొగడును? తన మెడమీది కాడిని ఎందుకు ముద్దుపెట్టుకొనును? దీనిని తెలిసికొనుటకే ఎరిక్ ఫ్రామ్ అను వారి సహచరుడు 1929 మొదలు జర్మనీ కార్మికులకు ప్రశ్నల పత్రములు పంపి, వారి మనస్సులను పరీక్షించెను.

వారి ఆలోచనకు విమర్శక సిద్ధాంతమను పేరు 1937లో హార్క్‌హైమర్ వ్రాసిన వ్యాసమునుండి స్థిరపడినది. పేరు పెద్దది గాని భావము మన కళ్లమున నున్నదే. సాధారణ శాస్త్రము ధాన్యరాశిని కొలిచి, ఇన్ని కుంచములని లెక్క చెప్పును. విమర్శక సిద్ధాంతము కుంచమునే తలక్రిందులు చేసి చూచును. దీనిని చేయించినదెవరు? దీని అడుగు ఇంత పైకి ఎందుకున్నది? ఇన్నేండ్లుగా దీనితోనే కొలుచుచున్నను రైతు ఎందుకు అడుగలేదు? ఆమోసు ప్రవక్త కొలతను చిన్నదిగా చేయు వర్తకులమీద కేక వేసినప్పుడు ఈ పనియే చేయలేదా? అన్యాయము అలవాటైపోయిన చోట అది ధర్మమువలె కనబడును, తలరాతయని పిలువబడును. ఆ తలరాతను వ్రాసిన చేయి ఎవరిదో చూపవలెనని వారు కోరిరి.

ఇప్పుడు ఒక పాదిరి కుమారుని సంగతి వినుడి. పౌల్ టిల్లిఖ్ 1886లో, నేడు పోలెండు దేశములో చేరియున్న ఒక పల్లెలో, లూథరన్ పాదిరి యింట పుట్టెను. 1912లో తానును పాదిరిగా అభిషేకము పొందెను. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధములో సైనికులకు బోధకుడుగా నుండి, పగలు వాక్యము చెప్పి, తరువాత వారినే పాతిపెట్టుచు వచ్చెను. పేద సైనికులు సంఘమును తమ తల్లిగా ఎంచక, దొరల పక్షమున నిలిచిన కచేరీగా ఎంచుచున్నారని అతడు అక్కడ కన్నులార చూచెను. యుద్ధమైన పిమ్మట బెర్లినులో కొందరు మిత్రులతో కూడి, దేవుని రాజ్యమునకును కార్మికుని కష్టమునకును ఉన్న సంబంధమును వెదకెను. 1929లో ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయములో ఆచార్యుడై, హార్క్‌హైమరునకు స్నేహితుడాయెను. థియొడోర్ అడోర్నో అను యువకుడు విశ్వవిద్యాలయములో బోధించు అర్హతకై కీర్కెగార్డు అను డెన్మార్కు క్రైస్తవ తత్త్వజ్ఞునిమీద వ్రాసిన గ్రంథమును 1931లో అంగీకరించి పైకెత్తినవాడు ఈ టిల్లిఖే. ఆ అడోర్నో తరువాత విమర్శక సిద్ధాంతమునకు ముఖ్య స్తంభమాయెను. నాస్తికుల ఇల్లని కొందరు భయపడు ఆ యింటి గుమ్మము కట్టిన చేతులలో ఒక పాదిరి చేయి కూడ నున్నదని గ్రహించుడి.

టిల్లిఖ్ ఉపదేశములోని మూలసూత్రము సులభమైనది. సృజింపబడినది ఏదియు దేవుని స్థానమున కూర్చుండరాదు. దేశము గాని, జాతి గాని, పార్టీ గాని, సంఘము గాని కూర్చుండరాదు. ఇది పది ఆజ్ఞలలో మొదటిది గాక మరేమి? వేదాంతము తనకు తానే విమర్శ చేసికొనుటకు మోషే పలకలే ఆధారము. హార్క్‌హైమర్, అడోర్నోలును తమ పితరులనుండి వచ్చిన రెండవ ఆజ్ఞను విడువలేదు. పరిపూర్ణమైన మేలునకు మనము బొమ్మ గీయరాదు, ఏ రాజ్యమును చూపి ఇదిగో స్వర్గమనరాదు అని వారు తుదివరకు పట్టుబట్టిరి. దేవుని నామమును పలుకనివారు విగ్రహ నిషేధమును కాపాడుటయు, దేవుని నామమును నిత్యము పలుకువారు నాయకుని బొమ్మకు మ్రొక్కుటయు ఆ కాలమున జరిగిన వింత.

అవును, మ్రొక్కిరి. 1932 నాటికి జర్మనీ సంఘములో హిట్లరు పక్షమువారు ఒక కూటముగా ఏర్పడిరి. టిల్లిఖునకు యౌవనకాల మిత్రుడు, గొప్ప వేదాంత పండితుడు అయిన ఇమ్మానుయేల్ హిర్ష్, 1933లో జరిగిన మార్పును దేవుడు జర్మనీ జనమునకు దయచేసిన ఘడియయని సమర్థించెను. దేవుడు నియమించిన తగిన సమయమను భావమును టిల్లిఖ్ గ్రీకు నూతన నిబంధనలోని ఒక మాటనుండి తీసి బోధించియుండెను. ఆ భావమునే హిర్ష్ హిట్లరునకు అంటగట్టినాడని టిల్లిఖ్ 1934లో బహిరంగ లేఖ వ్రాసి గద్దించెను. ఇద్దరును ఒకే వాక్యము చదివినవారు, ఒకే భాషలు నేర్చినవారు. చదువు హిర్షును కాపాడలేదు. తన కుంచమును తిప్పి చూచుకొనని వేదాంతము యెజెబెలు చాటించిన ఉపవాసమువంటిదే కాగలదు.

1932లోనే టిల్లిఖ్ సంఘమును హెచ్చరించుచు పది సూత్రములు ప్రకటించెను. 1933 ఆరంభమున సామ్యవాద నిర్ణయమునుగూర్చి గ్రంథము వెలువరింపగా ప్రభుత్వము దానిని అణచివేసెను. ఆ మార్చి నెలలో పోలీసులు హార్క్‌హైమర్ సంస్థను మూసివేసిరి. ఏప్రిల్ 13వ తేదీన పదవులనుండి తొలగింపబడిన మొదటివారి పట్టీలో హార్క్‌హైమర్ పేరును, టిల్లిఖ్ పేరును కలిసియే యున్నవి. యూదుడైన విమర్శకునికిని, లూథరన్ పాదిరికిని ఒకే దినమున ఒకే తీర్పు. ఇది మన చరిత్రలో సిగ్గును గౌరవమును కలిసియున్న దినము: సంఘములో ఎక్కువమంది ఆ పట్టీలో లేరు గనుక సిగ్గు, ఒక్కడైనను ఉండెను గనుక గౌరవము. మరుసటి యేట మే నెలలో బార్మెన్ పట్టణమున కొందరు విశ్వాసులు కూడి, క్రీస్తు తప్ప సంఘమునకు వేరు నాయకుడు లేడని ప్రకటించిరి. కార్ల్ బార్త్ వ్రాసిన ఆ ప్రకటన ధైర్యమైనదే. అయినను హింసింపబడుచున్న యూదులనుగూర్చి అందులో ఒక్క మాటయు లేదు.

1933 చివరిలో టిల్లిఖ్, 47 ఏండ్ల వయస్సున, ఇంగ్లీషు సరిగా రాని స్థితిలో న్యూయార్కు చేరెను. రైన్‌హోల్డ్ నీబర్ అను వేదాంత పండితుడు అతనికొరకు పాటుపడెను. యూనియన్ వేదాంత పాఠశాల ఉపాధ్యాయులు తమ జీతములలో కొంత భాగము తగ్గించుకొని ఈ పరదేశికి జీవనము కల్పించిరి. అమెరికాలో అది గొప్ప ఆర్థిక సంక్షోభ కాలమని మరువకుడి. 1934లో హార్క్‌హైమర్ సంస్థయు ఆ సమీపముననే యున్న కొలంబియా విశ్వవిద్యాలయములో చోటు సంపాదించెను. ఫ్రాంక్‌ఫర్టులో ఆరంభమైన సంభాషణ పరదేశులుగా మారిన స్నేహితులమధ్య అక్కడ సాగెను. యుద్ధకాలమున 1942 మొదలు 1944 వరకు టిల్లిఖ్ రేడియోలో జర్మనీ ప్రజలకు వందకు పైగా ప్రసంగములు పంపి, యూదులకు జరుగుచున్న ఘోరమును దాచక చెప్పెను.

ఇంతవరకు మొదటి ప్రశ్న. ఇక రెండవ దానికి వత్తము.

హార్క్‌హైమరునకు వాల్టర్ బెన్యమిన్ అను స్నేహితుడు కలడు. ఇతడును యూదుడే, జర్మనీనుండి పారిపోయి పారిసులో దరిద్రముతో పుస్తకములమధ్య బ్రదుకుచుండెను. 1937 మార్చిలో హార్క్‌హైమర్ అతనికి ఒక లేఖ వ్రాసెను. గతించిన అన్యాయము గతించినదే. చంపబడినవారు నిజముగా చంపబడిరి. ఆ లెక్క ఇంకను మూయబడలేదని నీవనినయెడల అంత్యతీర్పును నమ్మవలసి వచ్చును గదా అని దాని తాత్పర్యము. ఇది ఎగతాళి కాదు. నిజాయితీగల మనుష్యుని దుఃఖము. రేపటి మనుమలకు మంచి రాజ్యము కట్టవచ్చును. ఆ రాజ్యములో తాతకు పాలేమున్నది?

బెన్యమిన్ దానిని త్రోసివేయలేదు. ఇది వేదాంతమేయని ఒప్పుకొనుచునే, జ్ఞాపకము చేసికొనుటలో ఒక అనుభవమున్నదనియు, ముగిసిన బాధను అది ముగియనిదిగా చేయుననియు, అందువలన చరిత్రను దేవుని ఊసు బొత్తిగా లేకుండ తలంచుటకు మనకు వీలుపడదనియు తన వ్రాతలలో గుర్తు పెట్టుకొనెను. 1940లో హిట్లరు సేనలు ఫ్రాన్సును పట్టుకొనగా అతడు కొండలు దాటి స్పెయిన్ సరిహద్దులోని పోర్ట్‌బూ అను ఊరు చేరెను. మరల వెనుకకు పంపివేయుదుమని అధికారులు చెప్పిరి. సెప్టెంబరు 26వ తేదీన అతడు అక్కడ తన ప్రాణము తానే తీసికొనెను. ఆ యేడే వ్రాసిన అతని చివరి వ్యాసము చరిత్రనుగూర్చినది. శత్రువు గెలుచుచున్నంతకాలము చచ్చినవారికి కూడ నెమ్మది లేదని దాని సారాంశము. నాబోతు సమాధిమీద అహాబు ద్రాక్షారసము త్రాగుచున్నాడనుటయే గదా యిది!

యుద్ధమైన తరువాత ఈ ప్రశ్నను ఎత్తుకొన్నవారు ఇద్దరు క్రైస్తవులు. యూర్గెన్ మోల్ట్‌మన్ 1926లో హాంబర్గులో పుట్టెను. 1943 జూలైలో ఆ పట్టణముమీద బాంబులు పడినప్పుడు ప్రక్కనే నిలిచియున్న స్నేహితుడు చనిపోయి, తాను బ్రతికెను. యుద్ధ ఖైదీగా స్కాట్లాండులో ఉన్నప్పుడు ఒక సైనిక బోధకుడు ఇచ్చిన బైబిలులో, సిలువమీద విడువబడిన ప్రభువు మొరను చదివి, తన్ను ఎరిగినవాడు దొరికెనని తెలిసికొనెను. 1964లో నిరీక్షణనుగూర్చియు, 1972లో సిలువవేయబడిన దేవునిగూర్చియు గ్రంథములు వ్రాసెను. ఈ రెండవ గ్రంథములో అతడు హార్క్‌హైమర్, అడోర్నోలతో సూటిగా మాటలాడెను. 2024 జూన్ 3న ప్రభువునందు నిద్రించెను.

రెండవవాడు యోహాన్ బాప్టిస్ట్ మెట్స్, 1928లో బవేరియాలో పుట్టిన కాథలిక్కు. పదునారేండ్ల ప్రాయమున అతనిని బలవంతముగా సేనలో చేర్చిరి. ఒక రాత్రి అధికారి అతనికి వర్తమానమిచ్చి మరియొక దళమునకు పంపెను. తెల్లవారి తిరిగి వచ్చుసరికి తన ఈడు పిల్లలు వందకు పైగా శవములై పడియుండిరి. 2019లో మరణించువరకు ఆయన ఆ ముఖములను విడువలేదు. బెన్యమిన్, అడోర్నోల వ్రాతలనుండి నేర్చుకొని, క్రీస్తు శ్రమల జ్ఞాపకము పాలకులకు అపాయకరమైన జ్ఞాపకమని ఆయన బోధించెను. ప్రభు రాత్రి భోజనపు బల్లయొద్ద మనము చేయు జ్ఞాపకము తీపి తలంపు కాదు. చట్టప్రకారము విచారింపబడి, సాక్షులచేత నేరము మోపబడి, ఊరి వెలుపల చంపబడినవానిని జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆయనయు నాబోతే. అయితే ఆ లెక్కను దేవుడు మూయనియ్యలేదు. మూడవ దినమున తెరచెను.

హార్క్‌హైమర్ సంగతి ఏమాయెను? అతడును అడోర్నోయు జర్మనీకి తిరిగి వచ్చిరి. 1951లో సంస్థ మరల తెరువబడెను. ఆష్విట్స్ మరణ శిబిరము తరువాత మానవుని పురోభివృద్ధినిగూర్చి సులువైన మాటలు వారి నోట రాలేదు. 1970లో, 75 ఏండ్ల వృద్ధుడై, ఒక పత్రికా సంభాషణలో హార్క్‌హైమర్ వేదాంతమును మెచ్చుకొనెను. ఈ అన్యాయమే కడపటి మాట కాకూడదను ఆశ వేదాంతమనియు, హంతకుడు నిర్దోషియైన హతునిమీద శాశ్వతముగా గెలువరాదను తహతహ అందున్నదనియు దాని భావము. అతడు 1973లో చనిపోయెను. అతడు మారుమనస్సు పొందెనని మనము చాటుకొనవద్దు. అట్లు చెప్పుట అబద్ధ సాక్ష్యమగును. విశ్వాసమును ఒప్పుకొనలేదు గాని విశ్వాసము దేనికొరకు అవసరమో ఎరిగియుండెను. ప్రతి ఆదివారము గుడికి వచ్చు మనలో దానిని ఎరుగనివారెందరు?

మన దేశమునకు ఈ ధార వేరు దారిని వచ్చెను. 1971లో పెరూ దేశమున గుస్తావో గుటియెర్రెస్ అను గురువు విమోచన వేదాంతమును గ్రంథముగా వెలువరించెను. మార్క్సు విశ్లేషణను పరీక్షింపక తీసికొనవద్దని 1984లో రోము హెచ్చరించెను. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ఉపన్యాసము దళిత వేదాంతమునకు నాంది యాయెను. అక్కడివారి కొలత వర్గము. మన దేశపు గాయము కులము. ఎరువు తెచ్చుకొన్న కుంచము చాలదని ఆయన చెప్పెను. మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను పుట్టిన తెలుగు సంఘములకు ఈ మాట వివరింపనక్కరలేదు.

సహోదరులారా, సహోదరీలారా, ఈ చరిత్రనుండి మూడు సంగతులు మీ ముందుంచుచున్నాను.

విమర్శకునికి భయపడకుడి. అతడు మన కుంచమును తిరగవేసినప్పుడు అడుగు సరిగానున్నయెడల మనకు నష్టమేమి? సరిగా లేనియెడల, అతనికంటె ముందుగా ప్రభువు చూచియున్నాడు. మన సంఘ లెక్కలు ఎవరు చూచుచున్నారు? బల్లలమీద ముందు కూర్చుండువారెవరు? మన విశ్వాసియైన ఆసామి తన కూలివానికి సందె వేళకు కూలి ఇచ్చుచున్నాడా? కోతగాండ్ర కూలి మొరపెట్టుచున్నదని యాకోబు వ్రాసినది బయటివారికి కాదు.

విమర్శను దేవునిగా చేయకుడి. 1969 జనవరిలో అడోర్నో శిష్యులే సంస్థను ఆక్రమింపగా, వారిని పంపివేయుటకు అతడు పోలీసులను పిలువవలసి వచ్చెను. అందరి కుంచములను పరీక్షించువానికిని ఒక కుంచమున్నది. పాపము కుంచములో మాత్రమే లేదు, కొలుచు చేతిలోను ఉన్నది. దానిని కడుగుట ఏ సిద్ధాంతమునకును చేతకాదు.

చివరిగా, చచ్చినవారిని మరువకుడి. కరవులో ఆకలితో చచ్చినవారు, వెట్టిలో నలిగిపోయినవారు, పేరైనను వ్రాయబడని మన అవ్వలు తాతలు ఎందరో యున్నారు. మంచి చట్టము వచ్చినను వారికి అది అందదు. హేబెలు రక్తము నేలనుండి మొరపెట్టగా వినినవాడు, బలిపీఠము క్రిందనున్న ఆత్మల కేకకు కొంతకాలము ఓర్చుకొనుడని బదులు చెప్పినవాడు, వారి లెక్క తన చేత నుంచుకొనియున్నాడు. పునరుత్థానమును నమ్ముట బ్రతికియున్నవారి హక్కులను మరచుటకు నల్లమందు కాదు. చనిపోయినవారికి కూడ హక్కున్నదని సాక్ష్యమిచ్చుటయే అది. ఆ సాక్ష్యమిచ్చువాడు తన ఊరిలో బ్రతికియున్న నాబోతు గట్టు జరుగుచుండగా ఊరకుండలేడు.

న్యాయాధిపతియైన ప్రభువు మన కన్నులు తెరచి, మన కొలతలు సరిచేసి, తన దినమువరకు మనలను మెలకువతో నుంచును గాక.